అనిమే కాస్‌ప్లే ప్రాప్స్, యాక్సెసరీస్ ఇంట్లో చేసుకోవడం: అందరూ అడిగే ప్రశ్నలు

అనిమే అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు, కాస్‌ప్లే అంటే వాటిలో క్యారెక్టర్ల వేషం వేయడం, ప్రాప్ అంటే ఆ వేషంతో పట్టుకునే, తగిలించుకునే సామాను. గ్రూపుల్లో, మెసేజుల్లో తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. బట్టల సంగతి ఇక్కడ దాదాపు లేదు. కత్తులు, చెవిపోగులు, తలకి కట్టే బ్యాండ్లు, కవచాలు, ఒంటికి తగిలించుకునే మిగతా సామాను, అంతే. ఉదాహరణలు ఎక్కువగా డీమన్ స్లేయర్, నరుటో, వన్ పీస్ అనే అనిమేల నుంచే ఉంటాయి, అడిగేది ఎక్కువ వాటి గురించే మరి.

అక్కా, ఇదే ఫస్ట్ టైమ్. ఏ క్యారెక్టర్ తో మొదలుపెట్టాలి?

మీకు ఇష్టమైన క్యారెక్టరే, కానీ ప్రాప్ ఒక్కటే ఉన్నది చూసుకోండి. నరుటో అయితే తలకి కట్టే, వాడి ఊరు లీఫ్ విలేజ్ ఆకు గుర్తు ఉన్న పట్టీ ఒకటి బాగా వస్తే సగం పని అయిపోయినట్టే. డీమన్ స్లేయర్ లో నెజుకో అయితే నోటి దగ్గర వెదురు ముక్క. అందులోనే తంజిరో అయితే చెవిపోగులు, తర్వాత ఓపిక ఉంటే కత్తి. అందులోనే ఇనోసుకే పంది తల, అటాక్ ఆన్ టైటన్ లో నడుముకి రెండు పక్కలా వేలాడే ఆ గేర్ మొత్తం, ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ లో ఎడ్వర్డ్ ఎల్రిక్ ఇనప చెయ్యి, ఇవన్నీ రెండోసారికో మూడోసారికో ఉంచుకోండి. కష్టమని కాదు, ముక్కలు ఎక్కువ. అన్ని ముక్కలూ సగం సగం చేసి ఈవెంట్ ముందు రాత్రి కూర్చుని ఏడ్చేవాళ్ళే నాకు ఎక్కువ మంది తెలుసు.

ఇంకోటి, ఈవెంట్లో మీ ఫోటో తీసేవాళ్ళు ఆరేడు అడుగుల దూరంలో ఉంటారు. అక్కడి నుంచి కనపడేది ఆకారం, రంగు, సైజు. కత్తి పిడి మీద చిన్న గీత కోసం రెండు రోజులు పెట్టి, కత్తి పొడవే తప్పుగా చేస్తే ఆ గీతని ఎవరూ చూడరు.

సైజు ఎలా తెలుస్తుంది? నెట్ లో ఒక్కో చోట ఒక్కోలా ఉంది.

ఇది అందరూ వదిలేసే ప్రశ్న, నన్నడిగితే మొదటి ప్రశ్న ఇదే అవ్వాలి. ప్రాప్ బొమ్మ కొలతకి కాదు, మీ ఒంటి కొలతకి చెయ్యాలి. తంజిరో ఎత్తు 165 సెంటీమీటర్లు, వన్ పీస్ లో జోరో 181. మీరు 155 ఉండి జోరో కత్తి వాడి కొలతకే చేస్తే అది నేలకి రాసుకుంటూ వస్తుంది.

లెక్క చాలా ఈజీ. క్యారెక్టర్ నిటారుగా నిలబడి, ప్రాప్ మొత్తం కనపడే బొమ్మ ఒకటి వెతకండి. స్క్రీన్ మీద స్కేలు పెట్టి క్యారెక్టర్ ఎత్తు కొలవండి, జుట్టు వదిలేసి తల పైభాగం దాకా, ఎందుకంటే అనిమే జుట్టు ఒక్కటే అరడుగు ఉంటుంది. తర్వాత ప్రాప్ కొలవండి. క్యారెక్టర్ 10 సెంటీమీటర్లు, కత్తి 6 వచ్చిందనుకోండి, మీరు 160 ఉంటే మీ కత్తి 96. అంతే. ఆ కొలతకి పాత అట్టపెట్టె కోసి ఉత్త ఆకారం ఒకటి చేసుకుని, అద్దం ముందు పట్టుకుని ఫోటో తీసి చూడండి. అట్టతో బాగుంటేనే అసలు మెటీరియల్ కొనండి. ఈ స్టెప్ ఎగ్గొట్టేవాళ్ళకి నేను ఇంక ఏం చెప్పలేను.

మెటీరియల్ ఏది కొనాలి? ఈవీఏ ఫోమ్ అంటున్నారు, మన దగ్గర దొరుకుతుందా?

దొరుకుతుంది, కాకపోతే ఆ పేరుతో అడిగితే షాపాయన తెల్లమొహం వేస్తాడు. మీరు వేసుకునే హవాయి చెప్పుల కింద మెత్తగా ఉండేది, పిల్లలు ఆడుకునే చోట నేల మీద పరిచే పజిల్ మ్యాట్లు, స్టేషనరీ షాపుల్లో రంగురంగుల ఏ4 ఫోమ్ షీట్లు, చాలావరకు అన్నీ ఆ జాతే. స్టేషనరీ షీట్లు 2 మిల్లీమీటర్లు, డీటెయిల్స్ కి, బ్యాండ్లకి సరిపోతాయి. కవచానికి 5 నుంచి 10 మిల్లీమీటర్ల మందం కావాలి, అది చెప్పుల మెటీరియల్ అమ్మే షాపుల్లో షీట్ లెక్కన అడగండి, లేదా ఆన్‌లైన్. పజిల్ మ్యాట్ అయితే ఒక వైపు గీతలు గీతలుగా ఉంటుంది, ఆ వైపు లోపలికి పెట్టుకోవాలి. కొనేముందు గోరుతో గట్టిగా నొక్కండి. గుంట వెంటనే పైకి లేస్తే మంచిది, అలాగే ఉండిపోతే అది మెత్త రకం, మెట్రోలో ఎవరైనా ఆనుకున్నా సొట్ట పడుతుంది. యోగా మ్యాట్లు ఎక్కువ ఈ రెండో రకమే.

రెండోది సన్‌బోర్డ్. ఫ్లెక్స్ బ్యానర్లు, నేమ్ బోర్డులు చేసే షాపులు ప్రతి ఊళ్ళో ఉన్నాయి, వాళ్ళ దగ్గర మూలన కటింగ్ ముక్కలు పడుంటాయి, మంచిగా అడిగితే తక్కువకే ఇచ్చేస్తారు. 3, 5 మిల్లీమీటర్లవి. నిటారుగా, గట్టిగా ఉండాల్సినవన్నీ, అంటే కత్తి బ్లేడు, గొడ్డలి, డాలు, దీంతో చెయ్యండి. వంపులు తిరగాల్సినవి ఫోమ్ తో చెయ్యండి. ఈ ఒక్క రూల్ తో చాలా వరకు గడిచిపోతుంది.

వర్‌బ్లా అని వేడి చేస్తే మెత్తబడే ప్లాస్టిక్ షీట్ ఉంది, విదేశాల్లో అందరూ వాడతారు, దాదాపు 90 డిగ్రీలకి మెత్తబడుతుంది, అద్భుతంగా ఉంటుంది, ఇక్కడికి తెప్పించుకుంటే రేటు కూడా అద్భుతంగానే ఉంటుంది. మొదటి ప్రాప్ కి వద్దే వద్దు. థర్మాకోల్ కూడా జాగ్రత్త, దాని మీద మామూలు స్ప్రే పెయింట్ కొడితే కళ్ళ ముందే కరిగిపోయి గుంటలు పడుతుంది. వాడాలంటే ముందు ఫెవికాల్ తో కాగితం రెండు మూడు పొరలు అంటించి అప్పుడు రంగు వెయ్యాలి.

హైదరాబాద్ వాళ్ళకి: ప్లాస్టిక్, చిల్లర సామాను బేగంబజార్, టూల్స్, హార్డ్‌వేర్ రాణిగంజ్, లేసులు, రిబ్బన్లు జనరల్ బజార్, లైట్లు, వైర్లు, బ్యాటరీ కేసులు కోఠి గుజరాతీ గల్లీ. బెజవాడ వాళ్ళు వన్ టౌన్ లో, వైజాగ్ వాళ్ళు పూర్ణా మార్కెట్ వైపు తిరిగితే చాలావరకు దొరికేస్తాయి.

ఫోమ్ ని నీట్ గా కట్ చేయడం, వంచడం ఎలా? నాది అంచులు పళ్ళు పళ్ళుగా వస్తోంది.

బ్లేడ్ మొద్దుబారింది. ఫోమ్ బ్లేడ్ ని చాలా తొందరగా తినేస్తుంది, స్నాప్ కట్టర్ లో కొస ముక్క విరుస్తూనే ఉండాలి, పిసినారితనం వద్దు. నిలువుగా గుచ్చి కోయకండి, బ్లేడ్ ని బాగా బయటికి లాగి, ఏటవాలుగా వాల్చి, ఒకే పొడుగు లాగుడులో లాగండి. 10 మిల్లీమీటర్ల షీట్ అయితే రెండు సార్లు లాగండి, ఒక్కసారే తెంపేద్దాం అనుకుంటే బ్లేడ్ వంగి అంచు వంకర పోతుంది.

వంచడానికి హీట్ గన్, అంటే బాగా వేడి గాలి ఊదే మిషన్. హెయిర్ డ్రయ్యర్ తో అవ్వదు, పల్చటి షీట్ కి కూడా కష్టమే. హీట్ గన్ లేకపోతే ఇస్త్రీ పెట్టె, మధ్యలో బటర్ పేపర్ వేసి. గన్ ని ఒకే చోట ఆపకుండా కదుపుతూ ఉంటే ఫోమ్ పైన ఒక చిన్న మెరుపు వస్తుంది చూడండి, మ్యాట్ గా ఉన్నది కాస్త నున్నగా అవుతుంది, అక్కడితో ఆపాలి. దాన్నే హీట్ సీలింగ్ అంటారు, పైన ఉన్న సన్న రంధ్రాలు మూసుకుపోతాయి, తర్వాత పెయింట్ తక్కువ తాగుతుంది. ఆ వేడి మీదే మోకాలి మీదో, బోర్లించిన గిన్నె మీదో పెట్టి చల్లారే దాకా పట్టుకుంటే ఆ వంపు అలాగే ఉండిపోతుంది.

ఇంకో ట్రిక్ ఉంది, నాకైతే ఫోమ్ లో అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. కవచం మీద గీతలు, ప్లేట్ల జాయింట్లలాంటివి కావాలంటే ఫోమ్ లో సగం లోతు దాకా మాత్రమే కట్టర్ తో గీయండి. గీసినప్పుడు ఏమీ కనపడదు, సన్నటి వెంట్రుక గీత అంతే. దాని మీద హీట్ గన్ పెట్టగానే ఆ గీత తనంతట తనే రెండు వైపులకీ విచ్చుకుని చక్కటి గాడిలా తెరుచుకుంటుంది.

ఏ గమ్ వాడాలి? ఫెవిక్విక్ తో అంటిస్తే ఊడిపోయింది.

ఫెవిక్విక్ పట్టు గట్టిదే కానీ ఆరాక పెళుసు, వంగే చోట పటుక్కుమంటుంది. వంగని చిన్న ముక్కలకి, ఈవెంట్లో అర్జెంట్ రిపేర్ కి సరే. ఫోమ్ కి ఫోమ్ అంటించాలంటే చెప్పులకి, సోఫాలకి, మైకాకి వాడే రబ్బర్ గమ్ కావాలి. ఫెవికాల్ ఎస్‌ఆర్ 998, ఫెవిబాండ్ లాంటివి హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. తెల్ల ఫెవికాల్ వేరు, ఇది వేరు, చూసి తీసుకోండి.

రెండు అంచులకీ పల్చగా రాసి, అంటించకుండా పక్కన పెట్టాలి. పది పదిహేను నిమిషాలు. వేలితో ముట్టుకుంటే వేలికి అంటకూడదు, అప్పుడు కలపాలి. ఎండిపోయిందేమో అని భయపడి తడిగా ఉన్నప్పుడే అంటించేవాళ్ళవే ఊడిపోతాయి. ఒకసారి రెండూ తాకాయంటే ఇక జరపలేరు, అందుకే ముందే రెండు ముక్కల మీదా పెన్నుతో అడ్డగీతలు పెట్టుకుని ఆ గీతలు కలుపుకుంటూ ఒక చివర నుంచి రండి.

గ్లూ గన్ గురించి కూడా అడుగుతారు. వాడండి, కానీ ఎండాకాలంలో కారులో పెట్టి వెళ్ళారంటే మీరు తిరిగొచ్చేసరికి జాయింట్లు జారిపోయి ఉంటాయి. మన మే నెల ఎండకి కారు లోపల అదొక ఓవెన్.

తంజిరో కత్తి మొత్తం ఎలా చెయ్యాలో చెప్పండి ప్లీజ్.

సరే, ఇది కొంచెం పెద్దది.

నిజమైన కటానా బ్లేడు 60 సెంటీమీటర్లకి పైన, పిడి 25 పైచిలుకు, మొత్తం మీటరు దగ్గర ఉంటుంది. మీ లెక్క ప్రకారం పైన చెప్పినట్టు కుదించుకోండి. సన్‌బోర్డ్ తో మూడు పొరలు, మధ్యలో 5 మిల్లీమీటర్లది, రెండు పక్కలా 3 వి. బ్లేడ్ వంపు చేత్తో గీస్తే ఎత్తుపల్లాలు వస్తాయి, ఒక పొడుగాటి ప్లాస్టిక్ స్కేలో, పీవీసీ పట్టీనో కొంచెం వంచి పట్టుకుని దాని పక్కన గీయండి. మధ్య పొరలో ఒక గాడి కోసి అందులో సన్నటి వెదురు బద్ద పెట్టండి, ఆ బద్ద పిడి లోపలికి కూడా ఒక జానెడు వెళ్ళాలి. ఇదే అసలు ప్రాణం. కత్తులు ఎప్పుడూ విరిగేది పిడి దగ్గరే, అక్కడ లోపల ఏమీ లేకపోతే మొదటి పోజుకే తల వాల్చేస్తుంది. ఇనప పట్టీ పెడదామా అంటారు, వద్దు, గేటు దగ్గర మళ్ళీ అదో గొడవ.

మూడూ రబ్బర్ గమ్ తో అంటించి, పైన పుస్తకాలో బియ్యం బస్తానో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న ఉప్పుకాగితం. ముందు 80 నంబరుతో అంచుని వాలుగా అరగదీయాలి, తర్వాత 180, చివర 320 వాటర్ పేపర్. కొస మాత్రం పదును చెయ్యకండి, గుండ్రంగానే ఉంచండి.

తంజిరో బ్లేడ్ నలుపు, అదే మన అదృష్టం, ఎందుకంటే నలుపు కంటే సులువైన రంగు లేదు. అదే సిరీస్ లో జెనిత్సుది పసుపు మెరుపులతో, గియూది నీలం. షినోబుది చేసేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, ఆమె కత్తికి కొస దగ్గర, పిడి దగ్గర మాత్రమే వెడల్పు, మధ్యలో సన్నటి కడ్డీలా ఉంటుంది కాబట్టి అక్కడ సన్‌బోర్డ్ సరిపోదు, వెదురు కావాల్సిందే. మిత్సురిది కొరడాలా ఊగాలి, అది 2 మిల్లీమీటర్ల ఫోమ్ తోనే బాగుంటుంది. హాషిరాల, అంటే అందులో పై స్థాయి వీరుల కత్తుల మీద నాలుగు కంజీ (జపనీస్ లిపి) అక్షరాలు చెక్కి ఉంటాయి, స్టెన్సిల్ కోసేటప్పుడు అద్దంలో తిరగేసినట్టు రాకుండా చూసుకోండి, జపనీస్ వచ్చినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. తంజిరో ఏ సీజన్ వాడో కూడా ముందే తేల్చుకోండి, స్వోర్డ్‌స్మిత్ విలేజ్ కథ తర్వాత వాడి కత్తికి రెంగోకు అనే హాషిరా కత్తి మీద ఉండే మంటల ఆకారం గార్డు (పిడికీ బ్లేడుకీ మధ్య ఉండే బిళ్ళ) ఉంటుంది. ఇది తెలియక మొదటి సీజన్ డ్రెస్సుకి ఆ గార్డు పెట్టేసేవాళ్ళున్నారు.

ఇక పిడి. కరెంటు వైరింగ్ కి వాడే పల్చటి పీవీసీ పైపు ముక్క, దాని చుట్టూ ఫోమ్ చుట్టి కోడిగుడ్డు ఆకారంలో నొక్కండి, గుండ్రంగా వదిలేస్తే చేతిలో తిరిగిపోతుంది. దాని మీద తెల్ల రెక్సిన్. సోఫాలు కుట్టేవాళ్ళ దగ్గర ముక్కలు ఊరికే దొరుకుతాయి. ఆ పైన నల్ల నాడా, బల్లపరుపుగా ఉండేది, కనీసం 4 మీటర్లు తీసుకోండి. సరిగ్గా నాడా మధ్యలో పట్టుకుని గార్డు దగ్గర మొదలుపెట్టి, రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి దాటిస్తూ, దాటించే ప్రతిసారి నాడాని ఒక మెలిక తిప్పి నొక్కుతూ వెళ్తే మధ్యలో తెల్ల డైమండ్లు మిగులుతాయి. ఈ వరుసలో కుడి కొస పైన ఉంటే వచ్చే వరుసలో ఎడమది పైన. జడ అల్లడం వచ్చినవాళ్ళు దీన్ని ఐదు నిమిషాల్లో పట్టేస్తారు, అబ్బాయిలు మాత్రం అక్కనో చెల్లినో పిలవడం మంచిది. డైమండ్లు ఒకే సైజులో రావాలి, వదులైతే మొత్తం విప్పి మళ్ళీ చుట్టండి, గమ్ తో మేనేజ్ చెయ్యకండి.

జోరో మూడో కత్తి నోట్లో పెట్టుకోవాలి కదా, ఎలా?

ఆ కత్తి పేరు వాడో ఇచిమోంజి, తెల్ల పిడి, తెల్ల ఒర. నోటికోసం అదే కత్తి రెండోది ఒకటి ఫోమ్ తో చేసుకోండి, బ్లేడ్ కూడా ఫోమే. మీటరు కత్తిని పళ్ళతో పట్టుకుంటే పళ్ళ మీద పడే లోడు మీకు రెండో ఫోటోకే అర్థమవుతుంది. నోరు తగిలే చోట పెయింట్ ఉండకూడదు, నాడా మీద వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ చుట్టి ఫోటో అయ్యాక తీసేయండి. మిగతా రెండూ సన్‌బోర్డువి ఉండనివ్వండి. చెవికి మూడు బంగారు పోగులు, ఎడమ చెవికి. ఫోన్ సెల్ఫీ చూసి చేసేవాళ్ళు కుడికి పెట్టేస్తారు.

తంజిరో చెవిపోగులు చెవి కుట్టించుకోకుండా పెట్టుకోవచ్చా?

భేషుగ్గా. హనాఫుడా అనే జపాన్ పేకముక్క ఆకారంలో నిలువుగా 5 నుంచి 6 సెంటీమీటర్లు. డిజైన్ ని స్టికర్ పేపర్ మీద రెండు వైపులకీ ప్రింట్ చేయించి, పాత ఏటీఎం కార్డు లాంటి గట్టి ప్లాస్టిక్ మీద అతికించి కోసేయండి, మూలలు గోళ్ళు రాసుకునే ఫైల్ తో గుండ్రం చేయండి. పైన చిన్న రంధ్రం, రింగు, హుక్కు. చెవి కుట్టని వాళ్ళు సన్న నైలాన్ దారాన్ని ఉచ్చులా చేసి చెవి చుట్టూ వేసుకోవచ్చు, విగ్ కింద కనపడదు. సన్‌బోర్డుతో మాత్రం చేయకండి, మందంగా బిళ్ళల్లా ఉంటాయి.

కొరియాలోనో ఇంకెక్కడైనా ఉండి అక్కడి ఈవెంట్ కి వెళ్ళే మనవాళ్ళకి ఒక మాట: ఆ పోగు మీద సూర్యుడి కిరణాల డిజైన్ జపాన్ పాత యుద్ధ జెండాని గుర్తు చేస్తుందని అక్కడ బాగా అభ్యంతరం వచ్చింది, కొన్ని దేశాల్లో రిలీజైన వాటిలో కిరణాలు తీసేసి అడ్డగీతలుగా మార్చారు కూడా. అక్కడ ఆ మార్చిన డిజైన్ వేసుకుంటే ఏ గొడవా ఉండదు.

నరుటో తలపట్టీ ప్లేటు ఇనపదిలా కనపడాలంటే?

2 మిల్లీమీటర్ల ఫోమ్ రెండు పొరలు, నుదురు వంపుకి వేడి చేసి వంచాలి. ఆకు గుర్తు కాగితం మీద ప్రింట్ తీసి, ఫోమ్ మీద పెట్టి, బాల్ పెన్నుతో గట్టిగా దిద్దితే అచ్చు పడుతుంది, ఆ అచ్చు మీద సగం లోతు కట్టర్, తర్వాత పైన చెప్పిన హీట్ గన్ ట్రిక్. అదే సిరీస్ లో ఇటాచీ అయితే గుర్తు మీద అడ్డంగా ఒక గాటు మర్చిపోవద్దు. గుడ్డకి వెనక ముడి వేసే బదులు లోపల వెల్క్రో కుట్టి, ముడి ఉత్తదిగా పైన వేలాడదీయండి. రోజంతా ముడి గట్టిగా ఉంటే తలనొప్పి గ్యారంటీ.

నెజుకో వెదురు?

నిజం వెదురు వద్దు, బరువు, పెచ్చులు. ఫోమ్ గొట్టంలా చుట్టి, కణుపుల దగ్గర సన్న ఫోమ్ పట్టీలు చుట్టి, లేత ఆకుపచ్చ రంగు, కణుపుల పక్కన కొంచెం ముదురు. వెనక నుంచి చిన్న రంధ్రాలు పెట్టండి, ఊపిరి ఆడాలి. నోట్లో కొరకాల్సిన పని లేదు, రిబ్బన్ లోపల ఎలాస్టిక్ పెడితే పెదాలకి ఆనుకుని నిలబడుతుంది.

కవచం ప్యాటర్న్ ఎలా తీయాలి?

మీ భుజానికో ఛాతీకో పాత టీషర్ట్ మీద క్లింగ్ ఫిల్మ్ చుట్టించుకుని, దాని మీద మాస్కింగ్ టేపు రెండు పొరలు వేయించుకోండి, వేరే మనిషి సాయం ఉండాలి. దాని మీద మార్కర్ తో కవచం గీతలు గీసి, కత్తెరతో జాగ్రత్తగా కోసి తీసి, పరిచి, కాగితం మీదకి ఎక్కించండి. ఒకవైపు గీస్తే చాలు, రెండో వైపు తిరగేసి వాడుకోవచ్చు. హెల్మెట్లకి, కొమ్ముల తలలకి అయితే పెపాకురా అని సాఫ్ట్‌వేర్ ఉంది, త్రీడీ మోడల్ ని కాగితం ముక్కలుగా విప్పి ప్రింట్ కి ఇస్తుంది.

త్రీడీ ప్రింటర్ లేకపోతే అవ్వదా?

ఎందుకవ్వదు. ప్రింటర్ ఉన్నవాళ్ళకి కూడా అది పని తగ్గించదు, పనిని ఉప్పుకాగితం దగ్గరికి మారుస్తుంది, అంతే. పొరల గీతలు పోవాలంటే కార్ల డెంటింగ్ వాళ్ళు వాడే పుట్టీ, సాండింగ్, ప్రైమర్, మళ్ళీ సాండింగ్. గోడల లప్పం మాత్రం వాడకండి, పెళుసుగా పెచ్చులు ఊడొస్తుంది. బయట ప్రింట్ చేయిస్తుంటే లోపల ఇన్‌ఫిల్ (లోపల నింపే ప్లాస్టిక్) 10 నుంచి 15 శాతం చాలని చెప్పండి, లేకపోతే బరువుకీ డబ్బుకీ రెండిటికీ దెబ్బ. మామూలు పీఎల్‌ఏ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్ దాదాపు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, కాబట్టి దాన్నీ ఎండలో కారులో పెట్టకండి. బకిల్స్, రత్నాలు, తుపాకీ చిన్న పార్టులు లాంటివి ప్రింట్ చేయించి, పెద్దవన్నీ ఫోమ్ తో చేసుకోవడం నా పద్ధతి.

పెయింట్ పగిలిపోతోంది. మెటల్ లుక్ కూడా రావట్లేదు.

పగిలేది సీలింగ్ లేక. హీట్ సీల్ అయ్యాక తెల్ల ఫెవికాల్ లో కొంచెం నీళ్ళు కలిపి మూడు నాలుగు కోట్లు, ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకోటి. వంగే చోట్ల మరీ మందంగా వెయ్యకండి. దాని మీద నలుపు. వెండి రంగు కావాలన్నా సరే ముందు నలుపే. ఆరాక, బ్రష్ కి సిల్వర్ అక్రిలిక్ ముట్టించి, పాత గుడ్డకి దాదాపు మొత్తం తుడిచేసి, మిగిలిన ఆ కాస్త రంగుతో అంచుల మీద, ఎత్తుల మీద ఊరికే రాసుకుంటూ వెళ్ళండి. గాళ్ళలో నలుపు అలాగే ఉండాలి. అదే ఇనుము లుక్. మొత్తం సిల్వర్ స్ప్రే కొట్టేస్తే పుట్టినరోజు బుడగలా మెరుస్తుంది, ఇనుములా కాదు.

స్ప్రే కొట్టేవాళ్ళు ఒక జానెడు పైన దూరం నుంచి పల్చగా చాలా కోట్లు వేయండి. వానాకాలంలో, ముఖ్యంగా వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో, గాల్లో తేమకి క్లియర్ కోటు (ఆఖరున వేసే రంగులేని పూత) తెల్లగా పాల తెరలా పడుతుంది. ముసురు పట్టిన రోజు క్లియర్ వెయ్యకండి. క్రోమ్ లాంటి అద్దం రంగు మీద అసలే వద్దు, బూడిద రంగులోకి దిగిపోతుంది.

లైట్లు పెట్టాలంటే ఎలక్ట్రానిక్స్ రావాలా?

ఒక్క ఎల్ఈడీ అయితే 3 వోల్టుల గుండ్రటి సెల్ కాళ్ళ మధ్య పెట్టి టేపు వేస్తే వెలుగుతుంది. పవర్ బ్యాంక్ నుంచి ఇస్తే 5 వోల్టులు కాబట్టి రెసిస్టర్ కావాలి, ఎర్ర ఎల్ఈడీకి 150 ఓమ్స్ సరిపోతుంది. స్విచ్ చెయ్యి అందే చోట పెట్టుకోండి, వీపు మీద కాదు.

రోజంతా ఒంటి మీద నిలబడట్లేదు, జారిపోతున్నాయి.

ఎందుకంటే ప్రాప్ ని డ్రెస్సుకి తగిలిస్తున్నారు. బరువు ఎప్పుడూ లోపల వేసుకున్న గట్టి బనియన్ కో, బెల్టు కో వెళ్ళాలి. భుజ కవచాలు రెండిటినీ వీపు మీదుగా ఒక ఎలాస్టిక్ తో కలిపితే మెడ మీద లాగదు. బ్యాగులు కుట్టే షాపుల్లో టిక్కుమని పెట్టే ప్లాస్టిక్ బకిల్స్, నైలాన్ పట్టీ దొరుకుతాయి, కుట్టిచ్చేస్తారు కూడా. చిన్నవాటికి టిచ్ బటన్లు. బాత్‌రూమ్ కి వెళ్ళాల్సి వస్తే ఒక్కరే విప్పుకోగలరా అన్నది ఇంట్లోనే ట్రయల్ వేసి చూసుకోండి, సీరియస్ గా చెప్తున్నా.

బరువు గురించి అనుమానం ఉంటే, పౌరాణిక నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే షాపుకి వెళ్ళి గద, కిరీటం చేత్తో పట్టుకుని చూడండి. స్టేజ్ మీద ఎంత బరువుగా కనపడతాయి, చేతిలో ఎంత తేలిగ్గా ఉంటాయో. మనం చేసేదీ ఆ పనే.

మాస్క్ నిజంగా అవసరమా?

అవసరమే. సాండింగ్ దుమ్ముకి ఎన్95 చాలు. గమ్, స్ప్రే వాసనకి ఎన్95 ఏమీ చెయ్యదు, అది దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని కాదు. దానికి కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి, లేదంటే డాబా మీదకో, గాలాడే వరండాలోకో వెళ్ళి చెయ్యండి. తలుపులేసుకుని ఏసీ గదిలో రబ్బర్ గమ్ డబ్బా తెరవకండి, గ్యాస్ స్టవ్ దగ్గర, అగరొత్తుల దగ్గర అసలే తెరవకండి, ఆ ఆవిరి అంటుకుంటుంది. సన్‌బోర్డు, పీవీసీ పైపు మాడేంత వేడి చేస్తే ఘాటు పొగ వస్తుంది, అది ఊపిరితిత్తులకి విషం. పిల్లలు చేస్తుంటే కట్టర్, హీట్ గన్ పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి.

కత్తితో మెట్రో ఎక్కనిస్తారా? పోలీసులు పట్టుకుంటే?

బయట రోడ్డు మీద, బస్సులో, మెట్రోలో మీరు తంజిరో కాదు, కత్తి పట్టుకున్న మనిషి. కవరు లేకుండా తీసుకెళ్ళకండి. స్కానర్ లో కత్తి ఆకారం కనపడితే ఆపుతారు, ఆపడం వాళ్ళ డ్యూటీ, అక్కడ వాదించకుండా విప్పి ఫోమ్ అని చూపించండి. పిడి, బ్లేడ్ రెండుగా విడిపోయేలా పైపులో పైపు దూరేట్టు చేసుకుంటే క్రికెట్ కిట్ బ్యాగులో పట్టేస్తుంది. క్యాబ్ అయితే ఇంకా మంచిది. తుపాకీ ప్రాప్ అయితే గొట్టం కొసకి ఆరెంజ్ రంగు వేసి, ఈవెంట్ లోపలికి వెళ్ళేదాకా బ్యాగులోంచి తీయొద్దు. ఫ్లైట్ లో బొమ్మ తుపాకీ కూడా చేతి బ్యాగులో ఒప్పుకోరు, చెక్ ఇన్ లో వేసేముందు ఎయిర్‌లైన్ వాళ్ళని అడగండి.

ఆన్‌లైన్ లో నిజం స్టీల్ కటానాలు అమ్ముతున్నారు కదా, అవి కొనొచ్చా అంటారు. ఆర్మ్స్ రూల్స్ లో కత్తులు ఆయుధాల కిందకే వస్తాయి, చాకులు కూడా 9 అంగుళాల కంటే పొడుగు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉంటే, ఇంటి పనికో పొలం పనికో వాడేవి కాకపోతే, అదే లెక్క. పదును లేకపోయినా గేటు దగ్గర లోహం బ్లేడ్ ని రానివ్వరు. హైదరాబాద్ హైటెక్స్ లో కామిక్ కాన్ (కామిక్స్, అనిమే ఫ్యాన్ల మేళా) అయినా, కాలేజీ ఫెస్ట్ అయినా ప్రాప్ రూల్స్ వాళ్ళ సైట్ లో పెడతారు, ఇంటి దగ్గరే చదువుకుని వెళ్ళండి.

వారంలో ఈవెంట్. కత్తి అయిపోతుందా?

పని రెండు రోజులదే, ఆరడమే ఎక్కువ. గమ్ ఒక రాత్రి, సీలింగ్ కోట్లకి ఒక రోజు, పెయింట్ కి ఒకటిన్నర. ఆఖరి కోటుకీ ఈవెంట్ కీ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉంచండి, లేకపోతే కవర్ లోంచి తీసేటప్పుడు రంగు కవర్ కి అంటుకుని వస్తుంది. వారం కంటే తక్కువ ఉంటే కత్తి కొనుక్కుని చెవిపోగులు మీరు చేసుకోండి. కొనడం తప్పేం కాదు, కాంపిటీషన్ కి వెళ్తే మాత్రం ఏది చేశారో ఏది కొన్నారో జడ్జీలకి నిజం చెప్పండి.

ఈవెంట్లో విరిగిపోతే?

ఒక చిన్న పౌచ్ లో ఫెవిక్విక్, నల్ల ఇన్సులేషన్ టేపు, డబుల్ టేపు, పిన్నీసులు, ఒక వెల్క్రో ముక్క, కొంచెం నాడా, మీ ప్రాప్ కి వేసిన రంగు చిన్న సీసాలో, ఒక ఇయర్ బడ్ బ్రష్ బదులు. కత్తెర, కట్టర్ గేటు దగ్గర తీసేసుకోవచ్చు, కాబట్టి టేపులు ముందే ముక్కలు కోసి బటర్ పేపర్ మీద అంటించి పెట్టుకోండి. ఫోటో కోసం కత్తి ఒకసారి ఇవ్వవా అని అడిగేవాళ్ళకి ఇవ్వండి, కానీ పిడి పట్టుకోమని చెప్పి ఇవ్వండి, బ్లేడ్ కొస పట్టుకుని ఊపేవాళ్ళే ఎక్కువ.